ఓబుళేసుగారికి తప్ప

ఒక విషయాన్ని ఊరందరికీ తెలియకుండా దాచడం పెద్ద పనేమీ కాదు. ఎవరికీ చెప్పకపోతే సరిపోతుంది. ఊరందరికీ చెప్పి, ఒక్క మనిషికి మాత్రం తెలియకుండా దాచడమే కష్టం. దానికి ఇంట్లోవాళ్లు చాలరు, ఇరుగుపొరుగు చాలరు. దానికొక విశ్వవిద్యాలయం కావాలి.

చిత్రావతి విశ్వవిద్యాలయానికి ఆ అవకాశం మొన్నటి చలికాలంలో వచ్చింది. ఆ ఒక్క మనిషి వృక్షశాస్త్ర శాఖలో పనిచేసే డాక్టర్ ఓబుళేసుగారు.

ఓబుళేసుగారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. భార్య రుక్మిణమ్మ పోయాక క్వార్టర్సులో ఒక్కరే ఉంటున్నారు. పొద్దున్నే పాత సైకిలెక్కి డిపార్టుమెంటుకు వస్తారు, పాఠం చెప్తారు, పాఠం అయ్యాక భవనం వెనక ఉన్న ఎర్రమట్టి చేనులోకి వెళ్లిపోతారు. అక్కడ ఆయన అనప పండిస్తారు. ఆ సీమలో చలికాలం వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ అనపగింజలు నానబెట్టి, తోలు పితికి, పప్పు వండుకోవాల్సిందే. వానలు మొహం చాటేసిన ఏడు మాత్రం అనప కూడా మొహం చాటేస్తుంది. ఒకే ఒక్క వానతో కాపుకొచ్చే అనపను తయారుచెయ్యాలని ఆయన పట్టుదల. ఏళ్ల తరబడి మంచి మొక్కల్ని ఎంచి, వాటి గింజలు మళ్లీ వేసి, అందులో మళ్లీ ఎంచుకుంటూ వస్తున్నారు. ఎంచిన మొక్కకు గుర్తుగా రుక్మిణమ్మ పాత చీరల పేలికలు కడతారు. ఏ రంగు పేలిక ఏం చెబుతుందో ఆయనకొక్కరికే తెలుసు.

ఇలాంటి మనిషి జోలికి అవార్డులు మామూలుగా రావు. ఇది కొరియా నుంచి వచ్చింది.

వాషింగ్ మెషీన్లు చేసే ఒక కొరియా కంపెనీ ఆ జిల్లాలో ఫ్యాక్టరీ పెట్టింది. ఆ కంపెనీ డబ్బుతో నడిచే సేబ్యోక్ ఫౌండేషన్ ఏటేటా సియోల్‌లో విజ్ఞాన, సాంస్కృతిక రంగాల్లో కృషి చేసినవాళ్లకు ఒక పురస్కారం ఇస్తుంది. తమ ఫ్యాక్టరీలున్న చోట్ల కూడా యోగ్యులుంటారేమోనని వాళ్లకు ఆ ఏడు అనుమానం వచ్చి, ఒకరి పేరు ప్రతిపాదించమని విశ్వవిద్యాలయాన్ని అడిగారు.

ఉపకులపతి ఆచార్య పురంధర్‌గారు మొదట తమ పేరే ఆలోచించారు. సంస్థాధిపతులు అర్హులు కారని తెలిశాక నిరాసక్తంగా సమావేశం వేశారు. ప్రతి శాఖాధిపతీ తన పేరు చెప్పారు, మిగతా అందరూ కలిసి దాన్ని కొట్టేశారు. సాయంత్రానికి అన్ని పేర్లూ అయిపోయాక ఎవరో ఓబుళేసుగారి పేరెత్తారు. అభ్యంతరం చెప్పేవాళ్లు లేరు. ఆయన మీద అసూయపడాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. అదే ఆయన అర్హత అయింది.

ఫౌండేషన్ పంపిన నిబంధనల్లో రెండింటిని రిజిస్ట్రార్ దశరథరామయ్యగారు పైకి చదివారు. ప్రతిపాదనను గోప్యంగా ఉంచాలి. మరణానంతరం పురస్కారం ఇవ్వబడదు.

గోప్యత ఎవరి నుంచి అనే దాని మీద చర్చ సాగింది. పత్రికల నుంచి అనుకుందామంటే, పత్రికల్లో రాని అవార్డు ఎందుకని ప్రజాసంబంధాల అధికారి బాధపడ్డారు. పక్క విశ్వవిద్యాలయాల నుంచి అనుకుందామంటే, వాళ్లకు తెలియకపోతే వాళ్లు ఏడ్చేదెట్లా అని ఒక డీన్ అడిగారు. సిబ్బంది నుంచి అనుకుందామంటే, సిబ్బందికి చెప్పకుండా ఏర్పాట్లు సాగవని రిజిస్ట్రార్ తేల్చారు. అట్లా ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ పోగా చివరికి మిగిలింది ఓబుళేసుగారే.

"కాబట్టి గోప్యత పాటించవలసింది అభ్యర్థి నుంచి. నిబంధన అంతరార్థం ఇదే," అన్నారు పురంధర్‌గారు. "అవార్డు వస్తుందని ముందే తెలిస్తే వ్యక్తి కృషిలోని నిష్కామత్వం కలుషితమవుతుంది."

మరునాడు సర్క్యులర్ వెళ్లింది. విషయం పరమ రహస్యమని పైన ఎర్ర సిరాతో కొట్టి, ప్రతులు ఎవరెవరికి వెళ్లాలో కింద రాశారు. అన్ని శాఖలకు, గ్రంథాలయానికి, హాస్టళ్లకు, క్యాంటీనుకు, గేటు దగ్గర సెక్యూరిటీకి, పాల కేంద్రానికి. ఆఖరి లైనులో, ఓబుళేసుగారికి తప్ప.

ఓబుళేసుగారికి మొదట తేడా తెలిసింది స్టాఫ్ రూములో. ఆయన అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ ఆయన వచ్చిందీ పోయిందీ ఎవరూ గమనించలేదు కాబట్టి మాటలు ఆగే సందర్భమే రాలేదు. ఎవరికో ఏదో అయి ఉంటుందనుకుని ఆయన కూడా కాసేపు మౌనం పాటించి బయటికి వచ్చేశారు.

తరవాత మంచి మొదలైంది. అటెండరు నల్లప్ప తన సర్వీసులో ఉపకులపతికి తప్ప ఎవరికీ స్టూలు మీంచి లేచినవాడు కాదు. వాడు లేచి నిలబడి ఆయన సంచీ అందుకున్నాడు. క్యాంటీనులో పెరుగు గరిటెకు అంటుకునేంత చిక్కగా వడ్డించారు. ఆ ఒక్క వానా పడని ఏడు విత్తనమైనా దక్కేలా చేనికి బోరు నుంచి నీళ్ల పైపు వెయ్యమని ఆయన పెట్టుకున్న అర్జీ ఆరేళ్లుగా ఇంజనీరింగ్ సెక్షనులో నిద్రపోతోంది. అది ఒక మంగళవారం పొద్దున లేచి, సాయంత్రానికి సంతకాలన్నీ చేయించుకుంది. బుధవారం పైపులో నీళ్లొచ్చాయి.

ఓబుళేసుగారు ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. మంచి మనుషుల మధ్య ఉన్నానని ఆయనకు ఎప్పుడూ నమ్మకమే. ఇంత మంచివాళ్లని మాత్రం అనుకోలేదు.

అనుమానం తెచ్చింది రెండో నిబంధన. మరణానంతరం అవార్డు లేదన్నారు కాబట్టి, అభ్యర్థిని అప్పటిదాకా ప్రాణాలతో ఉంచడం విశ్వవిద్యాలయం బాధ్యత అని పురంధర్‌గారు గుర్తించారు. అందుకోసం ఒక ఉపసంఘం ఏర్పడింది. ఉపసంఘం మొదట ఆయన సైకిలును భద్రతా కారణాల రీత్యా స్వాధీనం చేసుకుంది. తరవాత ఆయన క్లాసులు పై అంతస్తు నుంచి కిందికి దింపింది. క్యాంటీనులో ఆయన పళ్లెంలోకి ఊరుమిండి పచ్చడి, ఊరగాయ వెయ్యొద్దని ఆదేశించింది. నడుస్తుంటే ఆయన వెనకాల కొంచెం దూరంలో సెక్యూరిటీ మనిషి ఒకడు నడిచేవాడు. ఆయన ఆగితే వాడూ ఆగి ఆకాశం చూసేవాడు.

ఒకరోజు డిస్పెన్సరీకి పిలిచి రక్తం తీశారు, గుండెకు తీగలు పెట్టారు, ఎక్సురేలు తీశారు. అడక్కుండా ఇన్ని పరీక్షలు ఉచితంగా చెయ్యడం ఆ డిస్పెన్సరీ చరిత్రలో లేదు. రిపోర్టులు చూసి డాక్టరు సంతోషపడ్డాడు. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. కానీ ఆ మాట చెబితే పరీక్షలు ఎందుకు చేశారని అడుగుతాడు, అడిగితే రహస్యం బయటపడుతుంది. అందుకని డాక్టరు మొహాన్ని రాయిలా పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైనా ఉందా డాక్టర్?" అని అడిగారు ఓబుళేసుగారు.

"నేను చెప్పకూడదు సార్," అన్నాడు డాక్టరు.

ఓబుళేసుగారికి అంతా అర్థమైంది. స్టాఫ్ రూము మౌనం, నల్లప్ప లేవడం, పెరుగు, నీళ్లు, కారం లేని కూర. ఊరందరికీ తెలిసి, పోయేవాడికి మాత్రం చెప్పని విషయం ప్రపంచంలో ఒకటే ఉంటుంది. ఆయన డాక్టరుకు నమస్కారం పెట్టి, అతను నొచ్చుకోకుండా తలుపు మెల్లగా వేసి వచ్చారు.

ఆ సాయంత్రం చేని గట్టు మీద కూర్చుని ఆలోచించారు. భయం పెద్దగా వెయ్యలేదు. రుక్మిణమ్మ వెళ్లిన చోటికే కదా. కానీ చేను నిండా కాయలు పండుతున్నాయి. ఇంకొన్ని వారాల్లో అవి ఎండుతాయి, ఎండగానే పేలిక కట్టిన మొక్కల కాయల్ని విడివిడిగా కొయ్యాలి. ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే ఇన్నేళ్ల ఎంపిక అంతా ఒక్క పూట పప్పులోకి పోతుంది. అప్పటిదాకా తాను ఉంటాడో లేదో. ఆయన దిగులంతా అదే.

తన శాఖలోనే పనిచేసే షంషాద్‌ను పిలిచారు. ఆమె ఆయన దగ్గరే చదువుకుని అక్కడే లెక్చరర్ అయింది. మొక్కల మధ్య తిప్పుతూ పేలికల సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఎర్ర పేలిక ముందుగా పూసినదానికి. పచ్చది ఎండకు తట్టుకున్నదానికి. నీలం చారల నేత చీర పేలికైతే రెండు గుణాలూ ఉన్నదానికి, అది రుక్మిణమ్మకు ఇష్టమైన చీర.

"ఇప్పుడెందుకు సార్ ఇదంతా? కోతలప్పుడు మీరే ఉంటారు కదా," అంది షంషాద్.

"ఉంటే మంచిదే. లేకపోతే నువ్వుండావు కదమ్మా."

"మీకేం కాదు సార్."

"అందరూ అట్లే చెప్తారులే. నువ్వు బాధపడొద్దు. నీళ్లు కూడా వచ్చినాయి, ఇంకేం కావాల మనకు?"

షంషాద్ నాలుక చివరిదాకా వచ్చిన మాట సర్క్యులర్‌కు భయపడి వెనక్కి పోయింది. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అక్కడినుంచి నేరుగా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లింది. సార్ తనకేదో జబ్బు అనుకుంటున్నారని, చనిపోతానని సిద్ధపడుతున్నారని, ఒక్క మాట చెప్పడానికి అనుమతి ఇమ్మని బతిమాలింది.

దశరథరామయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చనిపోతున్నానని అనుకోవడం ఆయన వ్యక్తిగత అభిప్రాయం అమ్మా. విశ్వవిద్యాలయం దాన్ని ధ్రువీకరించలేదు, ఖండించనూ లేదు. ఖండిస్తే కారణం చెప్పాలి. కారణం రహస్యం. పైగా ఫౌండేషన్ వారి దృష్టిలో వినయం, వైరాగ్యం సద్గుణాలు. ఈ పరిస్థితి అభ్యర్థికి అనుకూలమే."

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. పురస్కారం విజ్ఞాన రంగానికైనా సాంస్కృతిక రంగానికైనా ఇస్తామని ఫౌండేషన్ ఉద్దేశం. ఒకే మనిషికి రెండూ ఉండాలని విశ్వవిద్యాలయం అర్థం చేసుకుంది. ఓబుళేసుగారి సంస్కృతి ఏమిటని వెతికితే ఏమీ దొరకలేదు. ఆయనను అడిగే వీలు లేదు. చివరికి తోటమాలి ఒకడు, సారు చేనులో ఏదో కూనిరాగం తీస్తుంటారని చెప్పాడు. నిజమే. రుక్మిణమ్మ అనపగింజలు పితుకుతూ పాడుకునే చెక్కభజన పాట అది. మాటలు ఆయన మరిచిపోయారు, రాగం మాత్రం నాలుక మీద మిగిలింది.

తెలుగు శాఖాధిపతిని ఆ రాగం రికార్డు చేసుకురమ్మని నియమించారు. ఆయన ఫోను పట్టుకుని అనప మొక్కల వెనక గొంతుకూర్చున్నారు. ఓబుళేసుగారు అటు వచ్చి, పెద్దమనిషి మొక్కల చాటున కూర్చోవడం చూసి, ప్రకృతి పిలుపు అనుకుని, మర్యాదగా మొహం తిప్పుకుని దూరంగా వెళ్లిపోయారు. రాగం అందలేదు. తెలుగు శాఖాధిపతి నివేదికలో మాత్రం "అంతరించిపోతున్న చెక్కభజన సంప్రదాయానికి మౌనంగా జీవం పోస్తున్నారు" అని రాశారు. అందులో మౌనంగా అన్న మాట అక్షరాలా సత్యం.

నివేదిక చదివి ఫౌండేషన్ వాళ్లు ముచ్చటపడ్డారు. మనిషిని చూడాలని, ఫ్యాక్టరీలో సంక్షేమం చూసే అధికారి శ్రీమతి హాన్‌ను పంపిస్తామని రాశారు. హాన్‌గారు నాలుగేళ్లుగా ఆ జిల్లాలోనే ఉంటున్నారు. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల దగ్గర తెలుగు నేర్చుకున్నారు.

విశ్వవిద్యాలయం మళ్లీ సమావేశమైంది. ఆమె అభ్యర్థిని చూడాలి, అభ్యర్థి ఆమెను చూడకూడదు. అందుకని ఆ రోజుకు ఓబుళేసుగారికి నిర్బంధ విశ్రాంతి సెలవు మంజూరు చేశారు. మనిషికి బదులు డిపార్టుమెంటులో ఆయన గదిని చూపిద్దామని, గదిలో ఆయన ఫోటో ఒకటి ఘనంగా ఏర్పాటు చేయించాలని తీర్మానించారు. ఏర్పాట్లు మామూలుగా సభలన్నింటికీ అలంకరణ చేసే కాంట్రాక్టరుకు అప్పగించారు. అతనికి ఫోటో ఇచ్చి ఘనంగా ఉండాలన్నారు. ఫోటో ఇస్తే అతను ఏం చేస్తాడో అదే చేశాడు. నిలువెత్తు చట్రం కట్టించి, చామంతి దండ వేసి, ముందు దీపం పెట్టి, పక్కన అగరొత్తులు వెలిగించాడు. వచ్చిన అధికారులందరూ చూశారు. ఫోటోకు దండ ఉండటం వాళ్లకు అలవాటే కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ఆ రోజు ఓబుళేసుగారు ఇంట్లో కూర్చోలేకపోయారు. ఎండిన కాయలు చేనులో పిలుస్తున్నట్టున్నాయి. పోనీ, ఉన్నన్ని రోజులైనా కోసుకుందామని తలకు తువ్వాలు చుట్టుకుని నడిచి వచ్చారు. కోత సంచులు పెట్టుకున్న నీళ్ల మోటారు గది తాళంచెవి తన గదిలో ఉంది. దానికోసం అటు వెళ్లి, కిటికీ లోంచి అగరొత్తుల వాసన వస్తే తొంగిచూశారు.

లోపల ఆయనే ఉన్నారు. దండతో, దీపంతో.

ఎదురుగా ఒక కొరియా ఆవిడ చెప్పులు వదిలేసి, మోకాళ్ల మీద వంగి, నేలకు నుదురు ఆనించి లేచింది. మళ్లీ అదే విధంగా వంగింది. ఇది వాళ్ల దేశపు గౌరవ విధానమని గ్రహించిన ఉపకులపతి తాను కూడా మోకాళ్ల మీదికి దిగారు. ఆయన దిగాక డీన్లు దిగక తప్పలేదు. వంగడం అందరికీ వచ్చింది. లేవడం దగ్గర పురంధర్‌గారికి నడుము పట్టేసింది. దశరథరామయ్యగారు, నల్లప్ప చెరో రెక్క పట్టుకుని లేపారు.

ఓబుళేసుగారు కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఇంత తొందరగా మొదలుపెట్టారేమిటని మొదట అనిపించింది. తరవాత, పెద్దవాళ్లు కదా, ఆ రోజుకు అందరికీ తీరుబడి దొరకదేమో, ముందుగానే చేసుకుంటున్నారు కాబోలు అని సరిపెట్టుకున్నారు. ఉపకులపతి అంతటివాడు తనకోసం నేల మీద వంగడం చూసి కిటికీ బయటినుంచే చేతులు జోడించారు. తన సంతాప సభను తానే చెడగొట్టడం మర్యాద కాదని తాళంచెవి సంగతి వదిలేసి, చప్పుడు చెయ్యకుండా చేనులోకి వెళ్లిపోయారు.

షంషాద్ అప్పటికే అక్కడ కాయలు కోస్తోంది. ఆయనను చూసి గాభరాపడింది.

"సెలవు కదా సార్, ఎందుకొచ్చినారు?"

"మల్లా కుదురుతుందో లేదోనమ్మా," అని ఆయన నీలం పేలిక మొక్క దగ్గర కూర్చున్నారు.

పావుగంట కాకముందే భవనం వెనక తలుపు తెరుచుకుంది. ఆయన పండించిన పంట చూడాలని హాన్‌గారు పట్టుబట్టారట. ముందు ఆమె, వెనక రిజిస్ట్రార్, ఆ వెనక నడుము పట్టుకుని ఉపకులపతి వస్తున్నారు. మొక్కల దగ్గర ఓబుళేసుగారు కనబడగానే రిజిస్ట్రార్ గిర్రున వెనక్కి తిరగబోయారు. ఆ కూర్చున్నాయన ఎవరని హాన్‌గారు అడిగారు. అభ్యర్థి అని ఆమెకు చెబితే ఆయన వింటారు. దశరథరామయ్యగారి మెదడు ఆ రోజు దాకా అంత వేగంగా పనిచెయ్యలేదు.

"వారి అన్నగారు," అన్నారు.

హాన్‌గారు ఓబుళేసుగారి దగ్గరికి వచ్చి చేతులు జోడించారు. ఆమె తెలుగు హిందూపురం వైపు తెలుగు, తడబాటు లేనిది.

"మీ తమ్ముడు మంచి పని చేసినారు పెద్దాయనా. మా అవార్డు ఆయనకు ఇయ్యాలని శానా అనుకుంటిమి. కానీ పోయినోళ్లకు ఇచ్చే రూలు మాకు లేదు. ఏమనుకోవద్దండి."

ఉపకులపతి ఆకాశం చూశారు. సెక్యూరిటీ మనిషి కూడా చూశాడు.

ఓబుళేసుగారు నెమ్మదిగా లేచారు. ఆయనకు అవార్డు మాట సరిగా చెవికెక్కలేదు.

"ఆయన ఏ జబ్బుతో పోయినాడో మీకేమైనా చెప్పినారా అమ్మా?" అని అడిగారు.

"లేదు. ఎవరూ చెప్పలే."

ఆయన రిజిస్ట్రార్ వైపు తిరిగారు. "మీరైనా చెప్పండి సార్. నేనేమీ అనుకోను. నాకుండేది ఏం జబ్బు?"

దశరథరామయ్యగారు నోరు తెరిచి, సర్క్యులర్ గుర్తొచ్చి, మూసుకున్నారు. అప్పుడు షంషాద్ చేతిలోని కాయల బుట్ట కింద పెట్టింది.

"మీకే జబ్బూ లేదు సార్. ఇదంతా ఆ అవార్డు కోసం. మీకు తెలియకూడదని రూలు పెట్టుకున్నారు. అంతే. ఉద్యోగం పోతే పోనీ, నేను చెప్తాండా."

"అవార్డేనా?"

"అవార్డే సార్."

"చావు కాదు?"

"కాదు సార్."

ఓబుళేసుగారు గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుని మళ్లీ నవ్వారు. హాన్‌గారు బిత్తరపోయి చూస్తుంటే, తనకు అన్నదమ్ములు ఎవరూ లేరని, ఆ లోపల దండ వేసుకున్నది తానేనని చెప్పారు.

ఆమెకు సంగతి మొత్తం అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. గోప్యత అంటే మా నిర్ణేతల పేర్లు, చర్చలు బయటపెట్టకపోవడమని, అభ్యర్థి సంతకం లేకుండా అసలు ప్రతిపాదనే చెల్లదని ఆమె రిజిస్ట్రార్‌కు చెప్పారు. సంతకం ఇప్పుడు పెట్టినా చాలన్నారు. తరవాత ఓబుళేసుగారి ముందు చెప్పులు విడిచి, ఎర్రమట్టి మీదనే మోకాళ్లు ఆనించి వంగి లేచారు. ఈసారి ఒక్కసారే.

"పోయినోళ్లకు రెండు సార్లు. బతికుండేవాళ్లకు ఒకటే," అన్నారు.

ఓబుళేసుగారికి ఏం ఇవ్వాలో తెలియలేదు. దోసెడు అనపకాయలు ఒలిచి ఆమె చేతిలో పోసి, రాత్రికి నానబెట్టుకుని పొద్దున ఇట్లా పితకాలమ్మా అని రెండు వేళ్లతో చూపించారు. మా అమ్మ కూడా చిక్కుళ్లను ఇట్లే ఒలుస్తుందని ఆమె అంది. తమ ఊరి గురించి ఏవో చెప్పింది. ఇద్దరూ కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే, వెనక విశ్వవిద్యాలయం నిలబడి ఉంది.

ఇంటికి వెళ్లేముందు ఆయన తన గదిలోకి వెళ్లి, తన ఫోటోకున్న దండ తీసుకున్నారు. చామంతులు ఇంకా తాజాగానే ఉన్నాయి. ఇంట్లో రుక్మిణమ్మ ఫోటోకు వేసి, "ఇది నీదేనంట, పొరపాటున నాకు వచ్చింది," అన్నారు. ఆ పూట ఊరుమిండి నూరుకుని కడుపు నిండా తిన్నారు.

సంతకం ఒక్కటే తక్కువైన అవార్డు ఆగడానికి కారణమేమీ లేదు. కానీ మరునాడు విశ్వవిద్యాలయం అత్యవసరంగా సమావేశమైంది. అభ్యర్థికి విషయం తెలిసిపోయింది. గోప్యతా నిబంధన భంగమైంది. నిబంధన భంగమైన ప్రతిపాదనను కొనసాగించడం సంస్థ నైతిక ప్రమాణాలకు విరుద్ధం కాబట్టి దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ నిబంధనకు అర్థం అది కాదని హాన్‌గారు స్వయంగా ఫోను చేసి చెప్పారు. పురంధర్‌గారు ఆమె అభిప్రాయాన్ని గౌరవించారు. అయితే నిబంధన విశ్వవిద్యాలయానికి అందిన నాటి నుంచి దాని వ్యాఖ్యానం విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తుందని, దానిమీద బయటివారికి అధికారం లేదని సెలవిచ్చారు. ఆ ఏడు పురస్కారం ఇంకెక్కడో సముద్రపు నాచు మీద పరిశోధన చేసినాయనకు వెళ్లింది. ఆయనకు ముందే తెలుసట.

మంచి వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయింది. నల్లప్ప స్టూలు మీద మళ్లీ స్థిరపడ్డాడు. పెరుగు గరిటె నుంచి జారడం మొదలుపెట్టింది. క్లాసులు పై అంతస్తుకు ఎక్కాయి. సైకిలు తిరిగొచ్చింది, వెనక చక్రంలో గాలి లేకుండా. షంషాద్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె చెప్పినట్టు ఒప్పుకుంటే, ఓబుళేసుగారిని అన్నగారని రిజిస్ట్రార్ చెప్పినట్టు కూడా ఒప్పుకోవాలి.

చివరగా ఓబుళేసుగారికి ఒక మెమో వచ్చింది. పరమ రహస్యమైన విషయం మీకు ఎప్పుడు, ఏ విధంగా తెలిసింది, నిర్బంధ విశ్రాంతి సెలవులో ఉండి ప్రాంగణంలో సజీవంగా కనిపించి సంస్థను ఇబ్బందికి గురిచేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదు, సంజాయిషీ ఇవ్వవలసింది.

నల్లప్ప కూర్చున్న చోటునుంచే అందించిన ఆ కాగితాన్ని ఆయన నిలబడి చదివారు. మళ్లీ చదివారు. మొహం విప్పారింది. డిస్పెన్సరీ రిపోర్టులు ఆయనకు ఇవ్వలేదు, షంషాద్ మాట మీద నమ్మకమే కానీ మనసులో ఏదో మూల చిన్న అనుమానం మిగిలే ఉంది. ఇప్పుడు అదీ పోయింది. పోయేవాడికి ఎవరూ మెమో ఇవ్వరు. మరుసటి పొద్దున బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు చేయించి స్టాఫ్ రూములో అందరికీ పంచారు. మెమో వచ్చిన సందర్భంగా అని చెబితే మాటలు మళ్లీ ఆగిపోయాయి.

సంజాయిషీ ఒకే వాక్యంలో రాశారు. "పై విషయం నాకు నా మరణానంతరం, మా తమ్ముడి సంతాప సభలో తెలిసింది." దశరథరామయ్యగారు దాన్ని చాలాసేపు చూశారు. కాదంటే అన్నగారని చెప్పిందెవరో తేల్చాల్సి వస్తుంది. "సమాధానం సంతృప్తికరం, మరణించినవారిపై తదుపరి చర్య అవసరం లేదు" అని రాసి ఫైలు మూసేశారు.

ఒక్క విషయం మిగిలింది. అవార్డు లేనప్పుడు అనప చేనికి నీళ్లెందుకని, బోరు పైపును వెంటనే తొలగించమని ఆర్డరు అయింది. ఆర్డరు ఇంజనీరింగ్ సెక్షనుకు వెళ్లింది. వెళ్లి, పాత అర్జీ ఆరేళ్లు పడుకున్న అలమరాలోనే పడుకుంది. ఓబుళేసుగారు ఒకసారి ఆ సెక్షను మీదుగా వెళుతూ లోపలికి చూశారు. గుమాస్తా బల్ల మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన తలుపు మెల్లగా దగ్గరికి వేసి, సైకిలు తొక్కుకుంటూ చేను వైపు వెళ్లారు. నీళ్లు వస్తున్నాయి.